తలగీత

స్క్రూ అంటే తల మీద గీత ఉన్న మేకు. ఈ నిర్వచనం గత నెల మా ఇంట్లో తలుపు మార్చడానికి వచ్చిన మేస్త్రీగారు ఇచ్చారు. నోటితో కాదు, సుత్తితో.

మీ ఇంట్లోనూ ఇచ్చే ఉంటారు. అయినా ఆ దృశ్యం మరోసారి చూద్దాం, నాకింకా కడుపుమంట చల్లారలేదు. మేస్త్రీగారు నాలుగు స్క్రూలు పెదవుల మధ్య ఇరికించుకుంటారు. ఒకటి తీసి గుమ్మానికి ఆనించి, అనుమతి అడుగుతున్నట్టు మెల్లగా ఓ దెబ్బ వేస్తారు. రెండో దెబ్బకు వేళ్ళు తప్పుకుంటాయి. మూడు, నాలుగు, అయిదు. స్క్రూ మెడ దాకా దిగిపోతుంది. అప్పుడు, అప్పుడు మాత్రమే, "ఒరేయ్, స్క్రూడ్రైవర్ తేరా" అని కుర్రవాణ్ణి కేకేస్తారు. వాడు కింద పెట్టెలో వెతికి తెచ్చేదాకా పని ఆగుతుంది. తెచ్చాక కళ్ళద్దాలు సర్దుకుని, గీతలో మొన ఆనించి, ఊపిరి బిగబట్టి ఒకటిన్నర చుట్టు తిప్పుతారు. పెళ్ళంతా సుత్తితో కానిచ్చి, అప్పగింతలు మాత్రం శాస్త్రోక్తంగా జరిపించినట్టు.

"ముందు చిన్న రంధ్రం చేస్తే బాగుంటుందేమో మేస్త్రీగారూ" అన్నాను.

"రంధ్రం చేస్తే పట్టు పోతుంది సార్."

ఆయనది ముప్ఫై ఏళ్ళ అనుభవం. నోరు మూసుకున్నాను.

ఎనిమిదో నంబరు స్క్రూ మందం కాస్త అటూ ఇటూగా 4 మిల్లీమీటర్లు. టేకులో దానికి ముందుగా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే నడిమి కడ్డీ అందులోంచి వెళుతుంది, చుట్టూ ఉన్న మరలు పక్కలనున్న కర్రను కోసుకుని అందులో కూర్చుంటాయి. పట్టంటే అదే. సుత్తితో కొడితే ఆ మరలే దారిలోని నారనంతా చీల్చేస్తాయి. చివరికి మిగిలేది వదులు బొక్కలో ఓ ఇనుప ముక్క.

తప్పు కొంత స్క్రూలోనూ ఉందనుకోండి. 1840ల దాకా కర్రకు వాడే స్క్రూలకు మొన ఉండేది కాదు. మొద్దు కొసతో ఉండేవి, ముందు రంధ్రం వేస్తే తప్ప దిగేవి కావు. తర్వాత ఎవరో మహానుభావులు మొన పెట్టారు. మొన కనిపించగానే మనవాళ్ళకు సుత్తి గుర్తుకొచ్చింది.

ఇక ఇత్తడి ఘట్టం. టేకు తలుపుకు ఇత్తడి బందులే ఉండాలని ముచ్చటపడ్డాను. వాటికి స్క్రూలూ ఇత్తడివే. ఇత్తడి మెత్తన, స్క్రూ సుత్తికి వంగింది. మేస్త్రీగారు బ్యాటరీ డ్రిల్లు మిషను తీశారు. దాని మెడ చుట్టూ అంకెలున్న ఒక వలయం ఉంటుంది. బిగింపు హద్దు మీరగానే తిప్పడం ఆపేయడానికి పెట్టింది అది. కొన్ననాటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకున్న ఆనవాలు లేదు, అంకెల గాళ్ళలో దుమ్ము గట్టిపడి ఉంది. మీట నొక్కారు. 'టక్'. తల ఊడి ఆయన చేతిలో పడింది, మొండెం గుమ్మంలో ఉండిపోయింది.

"సరుకు మంచిది కాదు సార్" అన్నారు.

ఆరు స్క్రూల బందులో మూడు అలాగే విరిగాయి. అప్పుడాయన చేసిన పని చూసి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఊడిన మూడు తలలనూ ఏరి, బంక రాసి, ఎవరి స్థానంలో వారిని కూర్చోబెట్టారు. గీతలన్నీ ఒకే వైపుకు ఉండేలా గోటితో సవరించారు కూడా. హాజరు పట్టీలో ఆరుగురు, పనిలో ముగ్గురు. ఆఫీసులో పనిచేసినవాణ్ణి, నాకు కొత్తేమీ కాదు.

కింది బందుకు నల్ల స్క్రూలు వాడారు. అవి జిప్సం పలకలను రేకు చట్రానికి బిగించడానికి చేసినవి. గట్టిదనం ఎక్కించి చేస్తారు కాబట్టి వంగవు, గట్టి కర్రలో బిగిసిపోతే నేరుగా విరుగుతాయి. విరిగాయి.

మా తాతగారి ఊళ్ళో వడ్రంగి ఒకాయన ఉండేవారు. బరమాతో రంధ్రం వేసి, అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి దించి తీసేసేవారు. ఆ దారిలో ఇత్తడిదాన్ని కొవ్వొత్తి మైనం రాసి చేత్తో తిప్పేవారు. పూటకు ఒక తలుపు. ఇప్పుడు పూటకు ఒక తలుపంటే మనం కూలి ఇస్తామా?

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. స్నానాలగది గుమ్మానికి మా అమ్మ కోసం ఒక పిడి పెట్టించాను. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. నాలుగో రోజు మెట్టు దిగుతూ దాన్ని పట్టుకుంది. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు నాలుగు స్క్రూలతో సహా చేతిలోకి వచ్చేసింది. మణికట్టుకు కట్టు కట్టారు, ఆరు వారాలు. నాలుగు రంధ్రాలు, పావుగంట పని! ముసలి మనిషి ఒంటి బరువంతా నమ్మి వేసిన చేతికి పావుగంట ఎక్కువైందా? మేస్త్రీని తిట్టి లాభం లేదు. తలుపు మీద వినాయకుణ్ణి చెక్కించడానికి అడిగినంతా ఇచ్చి, "స్క్రూలకు ఇంత ఎందుకయ్యా, సాయంత్రానికల్లా ముగించు" అన్న పెద్దమనిషి వేరే ఉన్నాడు. రోజూ అద్దంలో చూస్తున్నాను వాణ్ణి.

అమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. కొత్త పిడి నేనే బిగించాను, మైనం రాసి. ఆమె దాన్ని ముట్టుకోవడం లేదు.

ఈ ఉదయం పనమ్మాయి ఊడుస్తుంటే తలుపు దగ్గర ఇత్తడి తల ఒకటి దొరికింది. కిందా మీదా తిప్పి చూశాను. వెనక బంక ఎండిపోయి ఉంది, గీత మాత్రం చెక్కుచెదరలేదు.