‘ఉయ్యాల’ గీసేనాటికి మొరిసో తల్లి కాదు

ఉయ్యాలలో పాప, పక్కనే కూర్చుని చూస్తున్న తల్లి. ఫ్రెంచ్ చిత్రకారిణి బెర్త్ మొరిసో 1872లో గీసిన ఈ బొమ్మ ఎక్కడ షేర్ అయినా కింద ఇంచుమించు ఒకే మాట ఉంటుంది: ఆ కాలపు ఫ్రాన్స్‌లో మగ చిత్రకారులు లోకాన్ని గీశారు, మొరిసో, మేరీ కాసట్ లాంటి ఆడవాళ్లు సహజమైన మాతృప్రేమతో ఇంటినీ పిల్లల్నీ గీశారు అని. మెచ్చుకున్నట్టే ఉంటుంది. చదివిన ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది.

మాతృప్రేమ సంగతే ముందు చూద్దాం. ఆ బొమ్మ గీసేనాటికి మొరిసోకి పెళ్లే కాలేదు. కూతురు జూలీ పుట్టింది 1878లో. కాసట్ అసలు పెళ్లే చేసుకోలేదు, పిల్లలూ లేరు. 1890లో పారిస్‌లో జపాన్ ముద్రణా చిత్రాల ప్రదర్శన చూసి, ఆ పద్ధతిలో పది రంగుల ప్రింట్లు చేసింది. 1893లో పాపకి కాళ్లు కడుగుతున్న స్త్రీని పైనుంచి చూస్తున్నట్టు గీసిందంటే అది ఆ సాధన ఫలమే. కష్టపడి నేర్చుకున్న విద్యని పుట్టుకతో వచ్చిన గుణం అనడం అన్యాయం.

పోనీ, ఇంట్లోనే ఉండాలని వాళ్లే కోరుకున్నారా? ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ 1897 దాకా ఆడవాళ్లని చేర్చుకోలేదు. మొరిసో లాంటి కలిగినింటి పిల్ల, మగ చిత్రకారుల్లా ఒంటరిగా కఫేలో కూర్చుంటే పరువు పోయేది. వెళ్లగలిగిన చోటల్లా ఆమె బయట కూడా గీసింది, 1869లో ఫ్రాన్స్‌లోని లోరియాఁ రేవు గీసినట్టు.

మగవాళ్లు ఇంటిని వదిలేశారన్నదీ నిజం కాదు. మోనే భార్యాబిడ్డల్ని భోజనాల బల్ల దగ్గర గీశాడు. తమ కొడుకుకి పాలిస్తున్న సహచరి ఆలీన్‌ని రెన్వార్ గీశాడు. వుయార్ వాళ్లమ్మ ఇంట్లోనే కుట్టుపని నడిపేది, అతను 1890లలో గీసిన గదుల నిండా ఆ పనే.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది, ‘ఉయ్యాల’లో అమ్మ ఆనందం తప్ప ఇంకేమీ లేదనడం. అందులో కూర్చున్నది మొరిసో అక్క ఎద్మా, నిద్రపోతున్నది ఆమె కూతురు బ్లాంష్. అక్కాచెల్లెళ్లు కలిసే బొమ్మలు నేర్చుకున్నారు, పారిస్‌లో జరిగే అధికారిక చిత్రప్రదర్శన సలోన్‌లో ఇద్దరి చిత్రాలూ పెట్టారు. 1869లో నౌకాదళ అధికారితో పెళ్లయ్యాక ఎద్మా కుంచె వదిలేసింది. ఈ సంగతి తెలిశాక ఆ బొమ్మ మళ్లీ చూడండి. ఒక చేతికి చెంప ఆనించుకుంది. రెండో చెయ్యి ఉయ్యాల మీది పల్చటి తెర అంచు పట్టుకుంది. ఆ తెర మనకీ పాపకీ అడ్డు పడి, పసిముఖం మసగ్గా కనిపిస్తుంది. ఎద్మా ముఖంలో ప్రేమ ఉంది, ఆ ప్రేమ వెనక ఆలోచన కూడా ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి తల్లే కానక్కర్లేదు, పక్కనే కూర్చుని బొమ్మలు వేసిన చెల్లెలికీ తెలుస్తుంది.

తర్వాత జూలీ పాలు తాగుతున్న బొమ్మ కూడా మొరిసో గీసింది. పాలిస్తున్నది ఆమె కాదు, జీతానికి పెట్టుకున్న దాది ఆంజెల్. ఎదురుగా తల్లి తన పని తను చేసుకుంటోంది. కుంచె ఎంత వడిగా కదిలిందంటే దాది ముఖంలో కళ్లూ ముక్కూ కూడా సరిగా ఏర్పడలేదు.