కండ్లు నెత్తికెక్కినోళ్ల జబ్బు

కంటి డాక్టర్లకు రోగుల బాడీ లాంగ్వేజ్ చదవడంలో శిక్షణ ఇవ్వాలట. మిగతా జిల్లాల సంగతేమో గానీ, మా నల్లగొండలో ఆ ఖర్చు దండగ. రోగి ఆస్పత్రి గడప తొక్కకముందే అతని నడక, చూపు, మెడ తిప్పుడు అన్నీ గమనించి, జబ్బేమిటో తేల్చి, ఊరంతా చాటే ఏర్పాటు ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. ఫీజు ఒక చాయ్.

నీటికాసులనే (గ్లాకోమా) తీసుకోండి. కంటి నరం మెల్లమెల్లగా దెబ్బతింటుంది. చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందు పక్కచూపు పోతుంది, ఎదురుగా ఉన్నది మాత్రం చాలాకాలం బాగానే కనిపిస్తుంది. అంటే ఆ మనిషి పేపరు చదువుతాడు, పక్కనుంచి పోతూ నమస్తే పెట్టిన వియ్యంకుణ్ణి మాత్రం చూడడు. తలుపు రెక్కకు భుజం కొట్టుకుంటాడు. హోటల్ ముందు బల్ల మీద కూర్చున్న నిపుణుల బృందం వెంటనే తీర్పు చెబుతుంది: "రోడ్డు పక్క రెండెకరాలు అమ్మిండు గదా, కండ్లు నెత్తికెక్కినయ్!" జబ్బు కండ్లలోనే ఉందని పట్టుకున్నందుకు వాళ్లను మెచ్చుకోవాలి. నీటికాసులకైతే చుక్కల మందు ఉంది, పోయిన చూపు తిరిగి రాకపోయినా ఉన్నది కాపాడుకోవచ్చు. పొగరుకు మందు లేదు కాబట్టి అతన్ని ఆస్పత్రికి పొమ్మని ఎవరూ చెప్పరు.

బడిలోనూ ఇదే వైద్యం. బోర్డు కనిపించని పిల్లవాడు కండ్లు చికిలిస్తాడు. సన్న సందులోంచి చూస్తే అక్షరం కాస్త తేటపడుతుంది కాబట్టి, పాపం, వాడి తిప్పలు వాడు పడుతున్నాడు. సారుకు అది వెక్కిరింపు. చెవి మెలిపెట్టడంతో చికిత్స పూర్తి.

ఇన్ని దాటుకుని డాక్టరు గదిలోకి చేరిన రోగి ఏం చేస్తాడు? మర్యాద చేస్తాడు. ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడిగితే, "రెండూ మంచిగనే ఉన్నయి సారూ, మీకేది మంచిదనిపిస్తే అదే ఎయ్యుండ్రి" అంటాడు. ఒక అద్దాన్ని కాదంటే పెట్టిన సారును కాదన్నట్టే కదా. పక్క గదిలో అద్దాల నంబరు కొలిచే ఇంకో యంత్రం. గడ్డం ఆనించి చూస్తే లోపల పొడుగాటి రోడ్డు, దాని కొసన గాల్లో రంగుల బుగ్గ. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ "గీ రోడ్డు ఏ ఊరికి పోతది బిడ్డా?" అని అడిగింది. "కదలకు" అని జవాబొచ్చింది. అంత తేటగా చూసి, అంత పనికొచ్చే ప్రశ్న అడిగినందుకు ఆమెకు దక్కిన మార్కులు సున్నా.

స్నెల్లెన్ అనే డచ్ వైద్యుడు 1862లో అక్షరాల చార్టు తయారుచేసినప్పుడు మనోళ్ల జ్ఞాపకశక్తిని లెక్కలోకి తీసుకోలేదు. 2018 ఆగస్టు 15న తెలంగాణ సర్కారు కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదలైనప్పటి నుంచి ఊరూరా శిబిరాలు చూశాం. వరుసలో ముందున్న పదిమంది అవే అక్షరాలు గట్టిగా చదువుతుంటే, పదకొండో మనిషికి చార్టు వైపు చూడాల్సిన పనేముంది? గోడ వైపు తిరిగి కూడా ఒప్పజెబుతాడు. కాగితం మీద 6/6, అంటే చూపుకు ఢోకా లేదని. వాకిట్లో మెట్టు దిగేటప్పుడు మాత్రం కాలితో ముందు తడిమి చూసుకుంటాడు. ఆ కాలును రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

ఈలోగా డాక్టరుగారు చదువుతున్నది కంప్యూటర్‌ను. రోగి మాత్రం డాక్టర్ని వదలకుండా చదువుతాడు. సారు నవ్వితే చుక్కల మందు, నిట్టూరిస్తే ఆపరేషన్, "ఎంబడి ఎవరొచ్చిండ్రు?" అంటే ఇల్లు గుల్ల. పాలమూరు ముసలాయన అయితే జవాబు చెప్పేముందు కొడుకు మొఖం చూస్తాడు. కొడుకు పుణె కూలి అడ్డా నుంచి రెండు రోజుల కోసం వచ్చాడు. రాత్రి బస్సు పట్టుకోవాలి. "మంచిగనే కనవడ్తున్నది సారూ, ఇంకా ముదరలేదేమో" అంటాడు పెద్దాయన. శుక్లం ఏమన్నా గడ్డిలో మాగబెట్టే మామిడికాయా? అది ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలపు మాట. ఇప్పుడు మరీ ముదిరితే ఆపరేషనే కష్టం. అయినా ఆ మాట అందరికీ పనికొస్తుంది. తండ్రికి పరువు, కొడుక్కి బస్సు, డాక్టరుకు తర్వాతి టోకెన్.

టోకెన్ అంటే గుర్తొచ్చింది. యాసంగి కోతలప్పుడు సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లలో ఒకామెను చూడండి. కిటికీకి వీపు పెట్టి, చివరి బెంచీ మీద, కొంగు మడిచి ఒక కన్నుకు అదిమిపట్టుకుని తల వంచుకుని ఉంటుంది. ఫ్యాను గాలి తగిలినా ఉలిక్కిపడుతుంది. వెలుతురు ఓర్వలేని కన్ను అది. వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో తూర్పార పడుతుంటే పొట్టు పడి, నల్లగుడ్డు గీసుకుపోయి, పుండయింది. మొదట ఊళ్లో ఎవరితోనో నాలుకతో తీయించుకుంది. తర్వాత మందుల షాపు అబ్బాయి చుక్కల మందు ఇచ్చాడు. ఎరుపు తగ్గాలని అందులో స్టెరాయిడ్ ఉంటే, బూజు పట్టిన పుండుకు అది ఎరువు వేసినట్టే. గదిలో ఉన్నవాళ్లందరిలో ముందు లోపలికి పోవాల్సింది ఆమె. ఆమె టోకెన్ నలభై ఏడు. నర్సు బాడీ లాంగ్వేజ్ చదివింది కూడా: "ఏడ్వకమ్మా, అందరికీ నొప్పే ఉంటది."

ఇక నిజమైన పండితులను చూడాలంటే కింది అంతస్తులో కండ్లద్దాల కౌంటర్‌కు పోవాలి. అక్కడ చదువు కాళ్ల దగ్గర మొదలై పైకి పోతుంది: చెప్పులు, చేతిలో ఫోను, జేబు ఉబ్బు, ఎంబడి వచ్చింది కొడుకా అల్లుడా. అల్లుడైతే ఖరీదైన ఫ్రేము ముందు తీస్తారు, మామ ముందు బేరమాడలేడు కాబట్టి. జన్మలో కంప్యూటర్ ముట్టని గొర్రెల కాపరికి బ్లూ కట్ అద్దాలు అంటగట్టిన ప్రతిభ వాళ్లది. ఇంత సూక్ష్మంగా చదివేవాళ్లను కింద కూర్చోబెట్టి, చదవనివాళ్లను పైన కూర్చోబెట్టింది ఎవరో గానీ, తారుమారు చేస్తే జిల్లా ఆరోగ్యం బాగుపడేది.

మొన్న ఒక పెద్దాయనకు కంటిపాప పెద్దదయ్యే మందు వేసి, నరం పరీక్ష చేసి కిందికి పంపారు. ఆ మందు పడ్డాక కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు మసక మసకగా ఉంటాయి. సరిగ్గా ఆ గంటల్లోనే చేతిలో బిల్లు పెట్టి "చూసి సంతకం పెట్టు తాతా" అన్నారు. ఆయన కాగితాన్ని చేయి చాచినంత దూరం పట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు, ట్యూబులైటు కిందికి పోయాడు, తల పక్కకు వంచాడు. కౌంటర్ పిల్లగానికి ఒక్క చూపులో అంతా అర్థమైంది.

"టెన్షన్ పడకు తాతా, ఈఎంఐ కూడా ఉంది."