ఖాళీ డ్రమ్ముకు కట్టర్ పెట్టే ముందు

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇప్పుడు అందరికీ తెలిసిన ద్రవమే. కరోనా కాలంలో మన చేతుల మీద పడిన శానిటైజర్లలో చాలావాటిలో ఉన్నది ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రెండు మిశ్రమాల్లో ఒకదానిలో దీని వాటా 75 శాతం. పరిశ్రమకైతే ఇది వందేళ్ల పైబడిన పరిచయం. 1920లో అమెరికాలోని స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ సంస్థ చమురు శుద్ధిలో వచ్చే ప్రొపిలీన్ వాయువు నుంచి దీన్ని తయారు చేయడం మొదలుపెట్టింది. పెట్రోకెమికల్ పరిశ్రమకు తొలి అడుగు అదేనంటారు. మందుల ఫ్యాక్టరీలు, ప్రింటింగ్ ప్రెస్సులు, సర్క్యూట్ బోర్డులు తుడిచే బల్లలు, పెయింట్లు, ఇంకులు, ప్రయోగశాలలు... ఐపీఏ అనే పొట్టి పేరుతో ఇది లేని చోటు తక్కువ. చేతికి రాసుకునేదే కదా, భయమెందుకన్న ధీమా కూడా దాని వెంటే పని స్థలాల్లోకి వచ్చేసింది. అరచేతిలో ఆరిపోయే నాలుగు చుక్కలనూ, షెడ్డు మూలన నిలబెట్టిన 200 లీటర్ల డ్రమ్మునూ ఒకే కంటితో చూడడం మమ్మల్ని కలవరపెడుతోంది.

ఇలాంటి ద్రావకాలు అంటుకుని మనుషులు కాలిపోయిన ప్రతిసారీ తరచూ వినిపించే మాట ఒకటుంది: కార్మికుడి నిర్లక్ష్యం. ఆ మాటతో ఫైలు మూసేయడాన్ని మేం ఒప్పుకోలేం. ఈ ద్రవం ఎలా ప్రవర్తిస్తుందో తెలిసినవాళ్లు ఒకరు, దాని పక్కన నిలబడి పనిచేసేవాళ్లు ఇంకొకరు అయినచోట తప్పు ఎవరిదో తేల్చడానికి అంత తొందర పనికిరాదు.

డ్రమ్ము సంగతే చూద్దాం. పంపు పెట్టి సరుకంతా లాగేశారు. వంచి చూస్తే అడుగు అంచు వెంట సన్నటి తడి గీత ఒకటి అటూ ఇటూ కదులుతుంది. అంతకు మించి ఏమీ కనపడదు. పనివాళ్ల భాషలో అది ఖాళీ డ్రమ్ము. కానీ ఆ 200 లీటర్ల గాలి మొత్తం నిప్పు తగిలితే పేలే స్థితికి రావడానికి ఎంత ద్రవం ఆవిరి కావాలో లెక్క కడితే 12, 13 మిల్లీలీటర్లు తేలుతుంది. అంటే రెండు మూడు టీస్పూన్లు. పంపుకు అందకుండా అడుగున మిగిలే తడి అంతకంటే ఎక్కువే ఉంటుంది.

దీని వెనుక ఉన్న లెక్క కార్మికులందరికీ తెలియాలి. ఐపీఏ ఆవిరి గాలిలో 2 శాతానికి చేరితే అంటుకుంటుంది. 12.7 శాతం దాటితే ఆవిరి మరీ చిక్కనై, మండడానికి గాలి చాలదు. ఈ రెంటి మధ్య ఉన్నంతసేపూ ఒక్క నిప్పురవ్వ చాలు. మూత బిగించిన పాత్రలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవం పైన చేరే ఆవిరి సుమారు 4.3 శాతం. అది నేరుగా ప్రమాద పరిధిలోనే ఉంది. దాదాపు 12 డిగ్రీల నుంచి 38 డిగ్రీల దాకా, అంటే మనుషులు సాధారణంగా పనిచేసే ఉష్ణోగ్రతలన్నిటిలోనూ, పరిస్థితి ఇంతే. పెట్రోలు ట్యాంకులో మామూలు వేడికి ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే లోపలికి మంట పాకడం కష్టం. ఐపీఏ డ్రమ్ముకు ఆపాటి రక్షణ కూడా లేదు. నిండు డ్రమ్ములో ద్రవం పైన నాలుగు వేళ్ల జాగా ఉంటుంది, ఆవిరి చేరేది అందులోనే. ఖాళీ డ్రమ్ములో ఆ జాగా 200 లీటర్లు. గ్యాస్ కట్టర్ గానీ, గ్రైండర్ గానీ దానికి తాకిస్తే పైమూత ఊడి ఎగిరిపోయేంత బలంగా పేలుతుంది. కట్టర్ పట్టుకున్న మనిషి నిలబడేది సరిగ్గా ఆ మూత ఎదురుగానే.

బాధ కలిగించే సంగతేమిటంటే, దీన్ని తప్పించడం కష్టమైన పనేం కాదు. ఐపీఏ నీళ్లలో ఎంతైనా కలిసిపోతుంది. డ్రమ్మును నీళ్లతో నింపి, కడిగి, ఆ నీళ్లను పద్ధతిగా పట్టి పారబోసే ఏర్పాటు చేసి, ఆరాక లోపల మండే ఆవిరిని కొలిచే గ్యాస్ మీటరు పెట్టి చూస్తే సరిపోతుంది. మీటరు బదులు మూత దగ్గర ముక్కు పెట్టి చూసే అలవాటు మాత్రం పోవాలి. ఐపీఏ గాలిలో ఏ కొద్దిగా ఉన్నా వాసన తెలుస్తుంది, నిజమే. కానీ కాసేపు ఆ గదిలో ఉన్న ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, వాసన తగ్గిందని మనిషిని నమ్మిస్తుంది.

ద్రవం నేల మీద చిందినప్పుడూ ఇలాంటి లెక్కే ఉంది. ఒక్క లీటరు పూర్తిగా ఆవిరైతే దాదాపు 320 లీటర్ల ఆవిరి అవుతుంది. అది గాలిలో సమంగా కలిస్తే 16 ఘనమీటర్ల గాలిని, అంటే ఒక చిన్న గది మొత్తాన్ని, అంటుకునే స్థితికి తెస్తుంది. అసలు చిక్కు ఏమిటంటే అది సమంగా కలవదు. గాలి కంటే రెండు రెట్లు బరువు కాబట్టి నేలకు ఆనుకుని పాకుతుంది. కాలువల్లో, గుంటల్లో, బల్లల కింద నిలుస్తుంది. చిందిన చోటికి చాలా దూరంలో ఉన్న హీటరునో, మామూలు మోటారునో తాకి అంటుకుని, ఆ దారినే మంట వెనక్కి పరుగెత్తుతుంది. గోడ పైభాగాన బిగించిన ఫ్యాను ఈ ఆవిరిని తోడలేదు. గాలి లాగే ఏర్పాటు నేల దగ్గర ఉండాలి, దాని మోటారు లోపలి నిప్పురవ్వను బయటి ఆవిరికి అంటనివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ రకమై ఉండాలి. రెండో షరతు మరిచిపోతే ఆవిరిని బయటికి పంపడానికి పెట్టిన ఫ్యానే దానికి నిప్పు పెడుతుంది.

నిప్పంటే అగ్గిపుల్లో, వెల్డింగో గుర్తొస్తాయి. కంటికి కనపడని స్థిర విద్యుత్తు మాట చాలామందికి తట్టదు. ఐపీఏ ఆవిరి అంటుకోవడానికి 0.65 మిల్లీజౌలు శక్తి సరిపోతుంది. పొడి వాతావరణంలో ప్లాస్టిక్ నేల మీద నడిచి వచ్చిన మనిషి వేలికొస నుంచి దూకే చిన్న మెరుపులో అంతకు ఎన్నో రెట్ల శక్తి ఉండొచ్చు. డ్రమ్ము నుంచి డబ్బాలోకి ఒంపేటప్పుడు రెంటినీ తీగతో కలిపి, డ్రమ్మును ఎర్తింగ్ చేయాలన్న నియమం అందుకే వచ్చింది. తీగ ఉన్నా పని చేయని సందర్భాలుంటాయి. క్లిప్పును పెయింటు మీద తగిలిస్తే తీగ వేలాడుతుందే గానీ విద్యుత్తు దాటదు. లోహం బయటపడేలా క్లిప్పు పళ్లు దిగాలి. ప్లాస్టిక్ బకెట్టులోకి ఒంపితే, ప్లాస్టిక్ స్టూలు మీద ఇనుప డబ్బా పెడితే, డబ్బాకు తగలకుండా ఇనుప గరాటు వేలాడితే ఎర్తింగు తీగ ఉండి కూడా ఉపయోగం లేదు. పర్యవేక్షకుడు షిఫ్టుకు ఒక్కసారి వంగి ఆ క్లిప్పు చూస్తే చాలు, ఇది బయటపడుతుంది.

మంట ఆరిపోయిందనుకుని మళ్లీ ఒంపడం ఇంకో ఘోరమైన పొరపాటు. మరో రకం ఆల్కహాల్ అయిన మెథనాల్‌తో రంగురంగుల మంటలు చూపించే తరగతి గది ప్రదర్శనల్లో పిల్లలు కాలిపోయిన ఘటనల మీద అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు 2014లో ప్రత్యేకంగా హెచ్చరించింది. పగటి వెలుగులో మెథనాల్ మంట దాదాపు కనిపించదు. పళ్లెంలో మంట లేదనుకుని పెద్ద సీసా నుంచి మళ్లీ పోస్తే మంట సీసాలోకి ఎక్కి, లోపలి ఆవిరి అంటుకుని, మండుతున్న ద్రవం మూతి నుంచి చిమ్ముకొచ్చి ఎదురుగా కూర్చున్నవాళ్ల మీద పడుతుంది. ఐపీఏ మంట కంటికి కనిపిస్తుంది కాబట్టి కాస్త నయం. సీసా లోపల జరిగేది మాత్రం అదే. వాడే చోట పెద్ద సీసా ఉండనే కూడదు, ఆ పూటకు కావలసినంతే చిన్న పాత్రలో తెచ్చుకోవాలి.

నీళ్లు కలిపితే ప్రమాదం పోతుందన్న నమ్మకం కూడా బలంగా ఉంది. 70 శాతం ద్రావణం దాదాపు 18 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరినిస్తుంది. మంట మీద పైపుతో నీళ్లు కొడితే మండుతున్న ద్రవమే నేల మీద పరుచుకుంటుంది. మామూలు నురుగు ఈ మంట మీద నిలవదు, ఆల్కహాల్ అందులోని నీటిని లాగేసుకుంటుంది. ఆల్కహాల్‌ను తట్టుకునే ప్రత్యేకమైన నురుగు, పొడి రసాయనం, చిన్న మంటలకు కార్బన్ డయాక్సైడ్ వాడాలి. నీటిని తుంపరలుగా పక్క డ్రమ్ములను చల్లార్చడానికి వాడొచ్చు. షెడ్డులో ఏ రకం నురుగు ఉందో అగ్నిమాపక సిబ్బంది వచ్చాక చూసుకునే విషయం కాదు.

నిల్వలోనూ గమనించాల్సినవి ఉన్నాయి. గాలి, వెలుతురు తగులుతూ ఏళ్ల తరబడి పడి ఉన్న సీసాలో పెరాక్సైడ్లు పుట్టొచ్చు, దాన్ని చివరి చుక్క దాకా మరిగిస్తే పేలుతుంది. నైట్రిక్ ఆమ్లం, క్రోమిక్ ఆమ్లం, గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివాటి పక్కన దీన్ని పెట్టకూడదు. బ్లీచింగ్ ద్రావణంతో కలిస్తే క్లోరోఫామ్ పుడుతుంది. నీరు లేని ఐపీఏ వేడెక్కితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఒంటికి చేసే హాని మీద భయం పెంచాలని మేం అనుకోవడం లేదు. ఐపీఏ క్యాన్సర్ కలిగిస్తుందనడానికి ఆధారం లేదు. గాఢ ఆమ్లంతో దాన్ని తయారు చేసే పాత పద్ధతినే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆవిరి ఎక్కువగా పీలిస్తే కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది, మత్తు వస్తుంది. 8 గంటల పనికి అమెరికా చట్టం పెట్టిన హద్దు సగటున 10 లక్షల భాగాల గాలికి 400 భాగాలు. అంటుకునే స్థాయి దీనికి 50 రెట్లు. కార్మికుల ఊపిరికి తగినట్టు గాలి శుభ్రంగా ఉంచిన గది అగ్నిప్రమాదానికీ చాలా దూరంలో ఉంటుందన్న మాట. తలనొప్పి వస్తోందని ఒక కార్మికురాలు చెప్పినప్పుడు సెలవు చీటీ రాసివ్వడంతో సరిపెట్టకుండా ఆ గదిలో గాలిని కొలవాలి.

అసలైన విషం దీని పేరు చాటున దూరే మెథనాల్. చూడడానికి తేడా తెలియదు, ధర తక్కువ. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. 2015, 2016 సంవత్సరాల్లో దక్షిణ కొరియాలో స్మార్ట్‌ఫోన్ విడిభాగాలు చేసే సబ్‌కాంట్రాక్టు ఫ్యాక్టరీల్లో ఇథనాల్ బదులు మెథనాల్ వాడారు. ఏజెన్సీల ద్వారా పనిలో చేరిన యువతీ యువకులు కొందరు ఆ ఆవిరి పీల్చి చూపు పోగొట్టుకున్నారు. 2020లో శానిటైజర్లలోనూ మెథనాల్ బయటపడి అమెరికా ఆహార, ఔషధ సంస్థ వరుసగా హెచ్చరికలు జారీ చేసింది. కొరియాలో ఆ యంత్రం ముందు నిలబడిన పిల్లలు ఏ నియమాన్నీ మీరలేదు. డబ్బాలో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ద్రావకాన్ని మార్చే నిర్ణయం కొనుగోళ్ల విభాగంలో జరుగుతుంది, దాని ఫలితం అనుభవించేది షాప్‌ఫ్లోర్‌లో. ఆ రెంటి మధ్య భద్రతాధికారి సంతకం తప్పనిసరి కావాలని మేం కోరుతున్నాం.

రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు వివరించే సేఫ్టీ డేటా షీటులో 16 భాగాలుంటాయి. అది ఆఫీసు అల్మరాలో ఉండి లాభం లేదు. అందులోని ముఖ్యమైన అరపేజీ కార్మికుల భాషలో, డ్రమ్ము నిలబెట్టిన గోడ మీద ఉండాలి. చిన్న సీసాల్లోకి ఒంపుకున్న ద్రవానికీ పేరు, మంట బొమ్మ ఉన్న లేబుల్ ఉండాలి. వెల్డింగు, కటింగు పనులకు ఇచ్చే హాట్ వర్క్ పర్మిట్ మీద సంతకం చేసేవాళ్లు ఆ చోటికి వెళ్లి, మీటరు రీడింగు తామే చూసి రాయాలి. కాంట్రాక్టు కార్మికుడికి ఇందులో మినహాయింపు ఉండకూడదు, ఎందుకంటే ఆ పని ఎక్కువగా పడేది అతని మీదే.

ఇవన్నీ ఫ్యాక్టరీ గేటు లోపలి సంగతులు. డ్రమ్ము గేటు దాటి తుక్కు సరుకుగా అమ్ముడైతే ఈ జాగ్రత్తల్లో ఒక్కటీ దాని వెంట వెళ్లదు. స్క్రాప్ యార్డులో దాన్ని రెండు ముక్కలు చేయడానికి కూర్చున్న మనిషి డేటా షీటు ఎన్నడూ చూడలేదు, పర్మిట్ అనే మాట వినలేదు, లేబుల్ అప్పటికే చిరిగిపోయి ఉంటుంది. అతనికేమైనా అయితే డ్రమ్ము ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని అడిగే నాథుడు ఉండడు. కాబట్టి కడిగి, పరీక్షించి, ఆ తేదీ, మీటరు రీడింగు రాసిన కాగితం జతచేయకుండా ద్రావకం డ్రమ్మును బయటికి అమ్మడాన్ని నేరంగా చూడాలి. అలా కడిగే వసతి లేని చిన్న యూనిట్ల నుంచి ఖాళీ డ్రమ్ములను వెనక్కి తీసుకునే బాధ్యత ఆ ద్రావకాన్ని వాళ్లకు అమ్మిన సరఫరాదారు మీద పెట్టాలి. నిండు డ్రమ్ము దింపడానికి వచ్చే లారీ ఖాళీగానే తిరిగి వెళుతోంది, కాబట్టి దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.