నవ్వుల పెట్టె గారికి బహిరంగ లేఖ

టీవీ హాస్య ధారావాహికల్లో జనం నవ్వినట్టుగా రికార్డు నవ్వులు మోగించే యంత్రం, మహారాజశ్రీ లాఫ్ బాక్స్ గారికి, ‘బివిచ్డ్’ అనే పాత అమెరికా హాస్య ధారావాహిక డీవీడీలను మొదటి సీజను నుంచి వరసగా మళ్లీ చూస్తున్న ఒక ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉంటారని నాకు తెలుసు. అరవై ఏళ్ల కిందటి నవ్వు ఇవాళ్టికీ గొంతు బొంగురుపోకుండా డిస్కులో మోగుతున్నదంటే తమరి ఆరోగ్యానికి ఏం లోటు?

మన పరిచయం కొత్తది కాదు. 1990లలో సోనీ ఛానెల్ ఈ ధారావాహికను హిందీలోకి డబ్బింగు చేసి చూపినప్పుడు, హిందీ అంతంతమాత్రంగా వచ్చే మావంటి తెలుగు ఇళ్లలో దుబాసీ పని చేసింది తమరే. మాట బోధపడకపోయినా తమరు నవ్వారు గనక అది హాస్యమే అయి ఉంటుందని నమ్మి, తమతోపాటు మేమూ నవ్వేవాళ్లం. ఆ ఋణం మరచిపోలేదు. అయితే ఇప్పుడు అసలు ఇంగ్లీషులో, ఒక ఎపిసోడు వెంట ఇంకొకటిగా చూస్తూ ఉంటే, మాటలన్నీ అర్థమవుతున్న మనిషి పక్కన పాత దుబాసీ ఇంకా నిలబడి, ప్రతి వాక్యానికీ భుజం తట్టి ‘నవ్వండి, నవ్వండి’ అంటున్నట్టుగా ఉంది.

తమరి వంశచరిత్ర కాస్త చెప్పుకోక తప్పదు, ఎందుకంటే దాన్ని దాచుకోవడమే తమరు వృత్తిగా పెట్టుకున్నారు. అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌లో సౌండ్ ఇంజనీరుగా పనిచేసిన చార్ల్స్ డగ్లస్ 1950ల తొలినాళ్లలో తమరిని తయారుచేశాడు. లోపల 32 టేపు చుట్టలు, చుట్టకు పది చొప్పున 320 నవ్వులు. పైన టైపుమిషను మీద ఉండేలాంటి మీటలు, కింద నవ్వు ఎంతసేపు సాగాలో తేల్చే పెడలు. ముసిముసి నవ్వుకు ఒక మీట, పగలబడి నవ్వడానికి ఇంకొకటి. ఆయన పెట్టెకు తాళాలు బిగించి, లోపల ఏముందో బయటివాళ్ల కంటబడనివ్వకుండా స్టూడియోకి తోసుకువచ్చి, కావలసినచోట కావలసినంత నవ్వించి, మళ్లీ తాళం వేసి తోసుకుపోయేవాడు. 1960లలో అమెరికా టీవీ హాస్యంలో చాలా భాగం ఆయన వేళ్ల కొసల మీద నవ్వింది. ఈ కృషికి మెచ్చి 1992లో టెలివిజన్ పరిశ్రమ ఆయనకు ఎమ్మీ అవార్డు ఇచ్చింది. ఈ ధారావాహికలో సమంతాగా ఎనిమిది సీజన్లు నటించి, అయిదుసార్లు ఎమ్మీకి నామినేషను పొందిన ఎలిజబెత్ మాంట్‌గొమెరీకి మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు. న్యాయనిర్ణేతలు కూడా ఎవరిని చూడాలో తెలియక తమరి వైపే చూశారేమో.

ఇందులోని చమత్కారం తమరికి తట్టిందో లేదో. 1964 సెప్టెంబరు 17న అమెరికాలోని ఏబీసీ ఛానెల్‌లో మొదలై 1972 మార్చి 25న ముగిసిన ఈ 254 ఎపిసోడ్ల కథ మొత్తం ఒక్క రహస్యం చుట్టూ తిరుగుతుంది. మంత్రశక్తి ఉన్న సమంతా, ప్రకటనల కంపెనీలో పనిచేసే మామూలు మనిషి డారిన్‌ను పెళ్లాడి, కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక ఊరిలో కాపురం పెట్టి, తన శక్తిని ఇరుగుపొరుగువారికి తెలియకుండా దాచుకుంటూ బతుకుతుంది. ఆమె దాచలేక నానా అగచాట్లూ పడుతుంటే, అదే తెర మీద తమరు ఎవరికీ కనబడకుండా ఎనిమిదేళ్లు కాపురం చేశారు. ఆ ఇంట్లో పట్టుబడని మాయ తమరిదొక్కటే.

ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి ఈ ధారావాహికను తీయడం వీలయ్యే పని కాదని ఒప్పుకుంటాను. సమంతా చేతులెత్తగానే వస్తువు మాయం కావాలంటే, ఆమె ఎత్తిన చేతులు ఎత్తినట్టే బొమ్మలా నిలబడిపోవాలి, కెమెరా ఆగాలి, సహాయకులు పరుగున వచ్చి బల్ల మీదివి తీసేసి తప్పుకోవాలి, ఆ తర్వాతే కెమెరా మళ్లీ తిరగాలి. అది చూస్తూ కూర్చున్న జనం నవ్వరు, కాఫీ తాగడానికి లేచిపోతారు. కనక నవ్వు బయటినుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఈ డీవీడీలో రిమోటుతో ఆపి ఆపి చూస్తే అతుకు దొరుకుతుంది. చేతి ఎత్తు వెంట్రుకవాసి మారుతుంది, భుజం మీది మడత జరుగుతుంది, వెనకాల వెలుగు ఒక్క పిసరు తేడా కొడుతుంది. ముక్కు కదిపి మంత్రం వేసినట్టు కనిపించేచోట నిజానికి కదిలేది పైపెదవి అని కూడా అప్పుడే తెలుస్తుంది. ఇవన్నీ పట్టుబడ్డాక ఆ పనివాళ్ల మీద గౌరవం పెరిగింది. తమరి అతుకులు వెతికినప్పుడు మాత్రం అలా జరగలేదు. వారానికొకటి చూసే రోజుల్లో తెలియదు గానీ, వరసపెట్టి చూసేవాడికి అందరికన్నా అరక్షణం ఆలస్యంగా, చివర ఒక చిన్న కీచుతో నవ్వే ఆవిడెవరో పరిచయమైపోతుంది. ఆవిడ పడగ్గదిలో ఉంటుంది, ఆఫీసులో ఉంటుంది, పెరట్లో కూడా ఉంటుంది. సమంతా తల్లి ఎండోరాకన్నా ఆవిడే ఎక్కువసార్లు పిలవకుండా వస్తుంది.

తమరి మీద నా ఫిర్యాదు నవ్వినందుకు కాదు, తొందరపడి నవ్వినందుకు. మొదటి ఎపిసోడు చివర చూడండి. ఇకమీదట మంత్రాలు మానేస్తానని సమంతా మాట ఇచ్చింది. విందు అయిపోయింది. వంటింట్లో ఎంగిలి పళ్లాలూ గిన్నెలూ కుప్పపడి ఉన్నాయి. ఆమె ఆ కుప్పను చూస్తుంది, తలుపు వైపు చూస్తుంది, మళ్లీ కుప్పను చూస్తుంది. ఇచ్చిన మాటకూ కళ్లముందున్న చాకిరీకీ మధ్య ఆ ముఖంలో జరిగే బేరం అంతా ఆ మౌనంలోనే ఉంది. తర్వాత చేతులెత్తుతుంది, వంటిల్లు తళతళలాడుతుంది, మెల్లమెల్లగా తగ్గిస్తాలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. ఎనిమిది సీజన్ల దాంపత్యానికీ ఆ ఒక్క చూపే మూలం. తిరగలి ముందు, రోటి ముందు, అంట్ల ముందు నిలబడిన ఏ ఆడమనిషికైనా ఆ చూపు కొత్తది కాదు. దాన్ని చూసి నవ్వాలో నిట్టూర్చాలో తేల్చుకునే హక్కు చూసేవాళ్లది. తమరు మీట నొక్కి తీర్పు చెప్పేశారు.

సమంతా బంధువు క్లారా అత్త విషయంలో తమరు చేసింది ఇంకా ఘోరం. మంత్రాలు మరిచిపోతూ, తలుపుండగా పొగగొట్టంలోంచి దిగుతూ, గుండ్రటి తలుపు పిడులు పోగుచేసే ఆ ముసలామె పాత్రను మేరియన్ లోర్న్ ధరించింది. నిజజీవితంలో కూడా ఆమెకు తలుపు పిడులు సేకరించే సరదా ఉండేది. ఆమె హాస్యం మాటల్లో లేదు, మాటకూ మాటకూ మధ్య ఉంది. వాక్యం మొదలుపెడుతుంది, నాలుగో మాట దగ్గర ఆగిపోతుంది, పోయిన మాట కోసం గాలిలో వేళ్లతో తడుముకుంటుంది, దొరికినట్టు ముఖం వెలుగుతుంది, తీరా చూస్తే దొరికింది వేరే మాట. ఆ తడుములాటలో నిశ్శబ్దం ఎంత అవసరమో నాటకాలు ఆడినవాళ్లకు తెలుసు. తమరు ఆ ఖాళీ కనబడగానే బస్సులో సీటు దొరికినంత ఆత్రంగా వచ్చి కూర్చున్నారు. ఆమె పోయాక 1968లో ఎమ్మీ వచ్చింది. తమరు నోరు మూసుకుని ఉంటే బతికుండగానే వచ్చేదని నేననను గానీ, అనుకోకుండా ఉండలేకపోతున్నాను.

ఎదురింటి గ్లాడిస్ క్రావిట్జ్ సంగతి తీసుకుందాం. కిటికీ తెర సందులోంచి తొంగిచూసి, గాలిలో తేలే కుర్చీనీ, మనిషి లేకుండా తిరిగే చీపురునీ తన కళ్లతో చూసి, ఉన్నది ఉన్నట్టుగా మొగుడికి చెప్పే మనిషి ఈ ధారావాహికలో ఆమె ఒక్కతే. మొగుడు అబ్నర్ పేపరులోంచి తల ఎత్తకుండానే మందు వేసుకోమంటాడు. తమరు అబ్నర్ పక్షం చేరి నవ్వుతారు. నిజం చెప్పిన ఆడదానికి పిచ్చి పట్టిందనడం ఏనాటినుంచో ఉన్నదే, దానికి తాళం వేయడానికి తమరు కూడా కావాలా? మొదటి రెండు సీజన్లలో ఆ పాత్ర వేసిన ఆలిస్ పియర్స్‌కు అప్పటికే క్యాన్సరు. ఆ సంగతి దాచి నటించింది. 1966లో చనిపోయింది. ఆ ఏడాదే ఆమెకు కూడా మరణానంతరం ఎమ్మీ వచ్చింది.

డారిన్‌గా నటించిన డిక్ యార్క్ ముఖాన్ని కూడా ఇప్పుడు మునుపటిలా చూడలేకపోతున్నాను. 1959లో విడుదలైన ఒక చిత్రం షూటింగులో అతని వెన్నుకు గాయమైంది. ఆ నొప్పితోనే అయిదు సీజన్లు నడిపాడు. సన్నివేశాల మధ్య ఆనుకుని నిలబడడానికి సెట్టులో ఏటవాలు బల్ల ఏర్పాటు చేశారు. ఆ కాలంలో అతని కళ్లు గుండ్రంగా తిరిగిపోతాయి, పెదవి వంకరపోతుంది, ఒళ్లంతా మెలిపడుతుంది, తమరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆ మెలికల్లో ఎంత నటనో, ఎంత నొప్పో ఇప్పుడు ఎవరు వేరుచేయగలరు? అయిదో సీజనులో డారిన్ తరచూ పనిమీద ఊరికి పోతూ ఉంటాడు. కారణం కథలో లేదు, యార్క్ వెన్నులో ఉంది. 1969లో సెట్టు మీదే కుప్పకూలి ఆస్పత్రికి వెళ్లినవాడు మళ్లీ తిరిగి రాలేదు. ఆ ఏటి శరదృతువు నుంచి డారిన్ అంటే డిక్ సార్జెంట్. భార్యగానీ పైఅధికారిగానీ ఎదురింటివాళ్లుగానీ ఒక్క మాట అనరు. అల్లుడి పేరే సరిగా పలకకుండా ‘డర్వుడ్’ అని పిలిచే అత్తగారు ఎండోరా మనిషి మారితే గమనించకపోవడం సహజమే అనుకుందాం. తమరికేమైంది? అయిదో సీజను డిస్కు తీసి ఆరోది పెట్టేసరికి మొగుడే మారిపోతే, జనమే ఉన్నట్టయితే కనీసం గుసగుస అయినా పుట్టేది. తమరు అదే నవ్వు, అదే చోట, అదే కీచుతో.

ఒక్కచోట మాత్రం తమరిని చూసి జాలిపడ్డాను. 1970 డిసెంబరు 24న ప్రసారమైన క్రిస్మస్ ఎపిసోడుకు కథ రాసింది లాస్ ఏంజెలెస్‌లోని జెఫర్సన్ హైస్కూలు పదో తరగతి విద్యార్థులు. జాతి వివక్ష మీద కథ అది. సమంతా కూతురు తబిత, తన నల్లజాతి స్నేహితురాలూ అక్కచెల్లెళ్లలా కనబడాలని ఒంటిమీద చుక్కలు పుట్టించుకుంటారు. వివక్ష చూపిన క్లయింటుకు ఎవరిని చూసినా నల్లగా కనబడేలా సమంతా మంత్రం వేస్తుంది. అందుకోసం తెల్ల నటులకు పూసిన నల్ల రంగు ఇవాళ చూస్తే ముళ్లలా గుచ్చుకుంటుంది, ఆ పిల్లల ఉద్దేశం మంచిదని తెలిసీ గుచ్చుకుంటుంది. అక్కడ కూడా తమరు మామూలుగానే నవ్వుతున్నారు. 320 నవ్వుల్లో ఇబ్బందిగా నవ్వే నవ్వు ఒక్కటీ పెట్టలేదు డగ్లస్ గారు.

తమరి సంతానం మా దేశంలో కూడా వర్ధిల్లుతోంది. మా తెలుగు కామెడీ షోలలో పెట్టె లేకుండానే జడ్జీలను కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్లు పొర్లిపొర్లి నవ్వేదాన్ని దగ్గరగా చూపిస్తారు. తమరిలో కనీసం మొహం లేదు, అది కొంత నయం.

నా విన్నపం చిన్నది. నలుపు తెలుపులో తీసిన తొలి సీజనుకు డీవీడీ కోసం రంగులు పూయడానికి కంపెనీకి డబ్బు దొరికింది. నేను ఆ రంగుల డిస్కు ఒకసారి చూసి పక్కన పెట్టేశాను, సమంతా వంటింటికి నలుపు తెలుపే నప్పింది. మాటలూ సంగీతమూ నవ్వూ ఒకే ట్రాకులో కలిసిపోతే తమరిని విడదీయడం రంగు పూసినంత సులువు కాదని నాకు తెలుసు. కానీ యుద్ధరంగంలోని ఆస్పత్రి కథ ‘మ్యాష్’ నిర్మాతలు ఆపరేషన్ గదిలోకి తమరు అడుగుపెట్టకూడదని పట్టుబట్టి సాధించారు, దాని డీవీడీల్లో తమరు లేకుండా చూసే వీలు కూడా కల్పించారు. శస్త్రచికిత్స గదికి ఇచ్చిన ఆ మర్యాదను క్లారా అత్తకు ఇవ్వండి. ఆమె వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి, ఆ తర్వాత తమరి ఇష్టం.

ఈ ఉత్తరానికి జవాబు మాటల్లోనే రాయవలసిందని ప్రార్థన. నవ్వి ఊరుకున్నారంటే, అది ఎన్నో చుట్ట మీది ఎన్నో నవ్వో చెప్పగలిగే స్థితికి నేను ఇప్పటికే వచ్చేశాను.

ఇట్లు,
తమరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వే అలవాటున్న ఒక ప్రేక్షకుడు