వారు తప్పారు కనుక మేమూ తప్పుతాం

అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చిట్టచివరి అణ్వాయుధ పరిమితి ఒప్పందానికి 2026 ఫిబ్రవరి 5తో గడువు తీరిపోయింది. న్యూ స్టార్ట్ అనే ఆ ఒప్పందం ప్రకారం ఏ పక్షమూ 1,550కి మించి వార్‌హెడ్లను (ప్రయోగానికి సిద్ధంగా ఉంచే అణుబాంబులను), 700కు మించి క్షిపణులను, బాంబర్లను మోహరించడానికి వీల్లేదు. ఇప్పుడు ఆ అంకెలకు విలువ లేదు. ప్రపంచంలోని అణ్వస్త్రాల్లో దాదాపు 90 శాతం ఉన్న రెండు దేశాలకు, 1972లో మొదలైన ఒప్పందాల పరంపరలో మిగిలిన ఈ ఒక్క కట్టు కూడా ఊడిపోతే, ఆ వార్త మన పత్రికల్లో లోపలి పేజీల్లో పడింది. మా పత్రికలోనూ అంతే జరిగింది. అది మా పొరపాటని ఒప్పుకొని, ఆలస్యంగానైనా చెప్పవలసింది చెబుతున్నాం.

ఒప్పందం పూర్వాపరాలు పాఠకులకు తెలిసినవే. 2010లో ప్రాగ్‌లో సంతకాలు జరిగాయి, 2021లో ఐదేళ్లు పొడిగించారు, ఉక్రెయిన్ యుద్ధం నడుస్తుండగా 2023 ఫిబ్రవరిలో రష్యా తన భాగస్వామ్యాన్ని నిలిపివేసింది. అమెరికా కూడా పాటిస్తే గడువు తీరాక మరో ఏడాదిపాటు ఆ పరిమితులకు కట్టుబడి ఉంటామని గత సెప్టెంబరులో పుతిన్ అన్నారు. అది మంచి ఆలోచనగానే కనిపిస్తోందని ట్రంప్ విలేకరులకు చెప్పారు. ఆ రెండు మాటలనూ ఒక కాగితం మీదికి తేవడానికి నాలుగు నెలల వ్యవధి ఉంది. తేలేదు.

చైనాను కలుపుకోని ఒప్పందం ఈ కాలానికి చాలదని, రష్యా తనిఖీలకు తలుపులు మూశాక మిగిలింది ఉత్త కాగితమేనని వాదించేవారున్నారు. చైనా దగ్గర ఇప్పటికే 600 వార్‌హెడ్లు ఉన్నాయన్న అంచనాను చూస్తే ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ కొత్త తలుపు బిగించకముందే పాత తలుపును ఊడదీసేవాడు ఇంటి మేలు కోరుతున్నాడని ఎవరూ నమ్మరు. ఉత్త కాగితమంటున్న ఆ ఒప్పందం కిందనే 300కు పైగా ప్రత్యక్ష తనిఖీలు జరిగాయి, 25 వేలకు పైగా సమాచార నోటీసులు అటూ ఇటూ చేరాయి. ఒక దేశపు అధికారి తన శత్రుదేశపు క్షిపణి స్థావరంలోకి నడిచివెళ్లి, వార్‌హెడ్లు ఎన్ని ఉన్నాయో లెక్కచూసుకొని తిరిగిరావడం సామాన్యమైన సంగతి కాదు. ఎదుటివాడి దగ్గర ఎన్ని ఉన్నాయో తెలియనప్పుడు ఏ సైన్యాధిపతి అయినా ఎక్కువే ఉన్నాయనుకుంటాడు, తనకు అంతకన్నా ఎక్కువ కావాలంటాడు. అవతలి సైన్యాధిపతీ అదే అంటాడు. రెండు దేశాల పోటీ పెద్ద యుద్ధం వైపు నడిచేది ఇలాగే.

ఒప్పందం పోవడంకన్నా అది పోయిన తీరు మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది. 'వారు తప్పారు కనుక మేమూ తప్పుతాం' అన్న ఒకే ఒక్క సాకుతో పాతికేళ్లుగా ఈ కట్టుబాట్లన్నీ వరసగా కూలుతున్నాయి. 1972 నాటి క్షిపణి నిరోధక వ్యవస్థల ఒప్పందం నుంచి అమెరికా 2002 జూన్ 13న వైదొలగింది. మరునాడే రష్యా, అణ్వస్త్రాల తగ్గింపు ఒప్పందం స్టార్ట్-2కు ఇక కట్టుబడబోమని ప్రకటించింది. రష్యా ఉల్లంఘిస్తోందంటూ 2019లో అమెరికా మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందాన్ని వదిలేసింది, రష్యా కూడా వదిలేసింది. ఒకరి గగనతలంలో మరొకరి నిఘా విమానాలను అనుమతించే ఓపెన్ స్కైస్ ఒప్పందం నుంచి 2020లో అమెరికా, 2021లో రష్యా బయటికి నడిచాయి. అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని అమెరికా ఎన్నడూ ధ్రువీకరించలేదు కనుక తాను చేసిన ధ్రువీకరణను రద్దు చేసుకుంటున్నానని 2023లో రష్యా చెప్పింది. ఇతరులు పరీక్షిస్తున్నారు కనుక తామూ పరీక్షిస్తామని గత అక్టోబరులో ట్రంప్ చెప్పారు. ఏ సందర్భంలోనూ ఎవరూ తామే మొదట తప్పామని అనలేదు. ప్రతివారి దగ్గరా ఎదుటివారి తప్పుల జాబితా ఉంది, ఆ జాబితాలో చాలావరకు నిజమూ ఉంది. అందుకే ఈ సాకు మరింత ప్రమాదకరం. ఎవరైనా, ఎప్పుడైనా వాడుకోవడానికి వీలుగా అది ఆనవాయితీ అయి కూర్చుంది.

ఎక్కడి మాస్కో, ఎక్కడి వాషింగ్టన్, మన చెన్నైకి దీనితో ఏం పని అనుకునేవారు ఒకసారి హైకోర్టు దాకా వెళ్లి, ఆవరణ తూర్పు గోడ దగ్గర ఉన్న శిలాఫలకాన్ని చూడాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఈ తీరానికి వచ్చి, రేవు దగ్గరి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులపై సర్చిలైట్లు వేసి, నూటికి పైగా గుళ్లు పేల్చిన ఘటనకు అది గుర్తు. చమురు మంటలు రాత్రంతా ఎగశాయి. రేవులో నిలిచిన వర్తక నౌకలో మనుషులు చనిపోయారు. తెల్లారేసరికి వేలమంది మూటాముల్లె కట్టుకొని ఊరు విడిచారు. గట్టిపిండాన్ని 'ఎమ్డన్' అనడం ఈ ఊళ్లో నేటికీ వినిపిస్తుంది. ఆంధ్రపత్రిక చెన్నపట్నంలో దినపత్రికగా వెలువడటం మొదలై అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. దూరదేశపు యుద్ధవార్తలు చదువుకుంటున్న తెలుగు పాఠకుడికి ఆ యుద్ధమే సముద్రం మీదుగా ఇంటి గుమ్మానికి వచ్చింది.

ఆ నౌక అంతదూరం ఎందుకు వచ్చిందో వెనక్కి వెళ్లి చూస్తే, ఆస్ట్రియా యువరాజుపై సరయేవోలో పేలిన తుపాకీకన్నా ముందు చాలా ఏళ్ల పోటీ కనిపిస్తుంది. బ్రిటన్ 1906లో డ్రెడ్‌నాట్ అనే భారీ యుద్ధనౌకను నీట దించింది, జర్మనీ అలాంటివే కట్టింది, 1909లో లండన్ జనం ఎనిమిది నౌకలు కావాలని, ఆగేది లేదని వీధుల్లో నినదించారు. 1912లో పోటీ తగ్గించుకుందామని బ్రిటిష్ మంత్రి హాల్డేన్ బెర్లిన్ వెళ్లి వట్టిచేతులతో తిరిగొచ్చారు. ఆ తర్వాత నౌకా నిర్మాణానికి ఒక ఏడాది విరామం ఇద్దామన్న బ్రిటన్ సూచననూ జర్మనీ పట్టించుకోలేదు. 1914 జూలై చివర రష్యా సైన్యాన్ని సమీకరించింది కనుక జర్మనీ సమీకరించింది; ఫ్రాన్సును ముందుగా దెబ్బతీయాలన్న పాత పథకం ఉంది కనుక బెల్జియంలో అడుగుపెట్టింది. బెల్జియం తటస్థతకు 1839 ఒప్పందం హామీ ఉంది, దానిమీద జర్మనీకి పూర్వరూపమైన ప్రష్యా సంతకమూ ఉంది. ఆగస్టు 4న జర్మన్ చాన్సలర్ బెత్‌మన్ హాల్‌వెగ్ బ్రిటిష్ రాయబారితో, ఒక చిత్తుకాగితం కోసం మాతో యుద్ధానికి దిగుతారా అన్నారు. ఆ మాట అన్న 49వ రోజున మద్రాసులో చమురు ట్యాంకులు అంటుకున్నాయి. నాలుగేళ్లలో సుమారు 74 వేలమంది భారతీయ సైనికులు పరాయి నేలల మీద ప్రాణాలు విడిచారు.

రెండో ప్రపంచయుద్ధానికీ అదే దారి. యుద్ధనౌకల పరిమాణాలకు హద్దులు పెట్టిన 1922 వాషింగ్టన్ ఒప్పందం తమకు అన్యాయం చేసిందంటూ జపాన్ 1934 డిసెంబరులో నోటీసు ఇచ్చింది. 1936 ముగిసేసరికి ఆ హద్దులు పోయాయి. ఆనాడు మద్రాసులో ఎవరైనా ఆ వార్త చదివి భయపడి ఉంటారని మేము అనుకోవడం లేదు. కానీ హద్దులు పోయాక రూపకల్పన చేసిన షోకాకు, జుయికాకు అనే రెండు విమానవాహక నౌకలు 1942 ఏప్రిల్ 5న కొలంబోపై బాంబులు వేసిన జపాన్ నౌకాదళంలో ఉన్నాయి. మరునాడు, ఆ దండయాత్రలోనే మరో దళం విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసింది. ఆ వారంలో మద్రాసు ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలను లోపలి పట్టణాలకు తరలించారు, జనం లక్షల్లో సొంతూళ్లకు పోయారు. బాంబు పడి బోన్లు పగిలితే క్రూరమృగాలు వీధుల్లోకి వస్తాయన్న భయంతో పీపుల్స్ పార్కు జంతుప్రదర్శనశాలలోని సింహాలను, పులులను పోలీసులు కాల్చి చంపారు. అంతకు ఏడేళ్ల ముందు ఎక్కడో ఒక దేశం ఇచ్చిన నోటీసుకు, బోనులోని సింహానికి తగిలిన తూటాకు మధ్య ఉన్న దారిని ఈ నగరం మరిచిపోకూడదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో కర్రలతో, రాళ్లతో జరిగిన పోరులో మన సైనికులు 20 మంది అమరులయ్యారు. వారి నాయకుడు కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆ రాత్రి ఇరుపక్షాల మధ్య తుపాకీ పేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదన్న 1996 ఒప్పందపు నిబంధనను, చైనా ఆ ఒప్పందాల స్ఫూర్తిని తుంగలో తొక్కిన ఆ రాత్రి కూడా మన జవాన్లు పాటించారు. వారు తప్పారు కనుక మేమూ తప్పుతామని ఆ చీకటిలో, ఆ చలిలో, కళ్లెదుట తోటివారు పడిపోతుండగా అనడానికి వారికి అన్ని హక్కులూ ఉన్నాయి. అనలేదు. అన్నట్లయితే రెండు అణుశక్తుల మధ్య సరిహద్దు ఘర్షణ ఎక్కడ ఆగేదో ఊహించడానికే భయమేస్తుంది. ఒక కాగితం విలువ ఎంతో తెలుసుకోవడానికి ఇంతకు మించిన నిదర్శనం మాకు తెలియదు.

పాకిస్థాన్‌తోనూ అలాంటి కాగితాలు కొన్ని ఉన్నాయి. పరస్పరం అణు కేంద్రాలపై దాడి చేయరాదన్న ఒప్పందంపై 1988 డిసెంబరు 31న సంతకాలు జరిగాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాత ఆగలేదు, ముంబయి దాడుల తర్వాత ఆగలేదు, గత మే నెల ఘర్షణ తర్వాత ఈ జనవరిలోనూ ఆగలేదు. ఆ జాబితా బహిరంగం కాదు గాని, విద్యుత్ రియాక్టర్లు, ఇంధన శుద్ధి కేంద్రాలు ఆ ఒప్పందం నిర్వచనంలోకి వస్తాయి కనుక, చెన్నైకి దక్షిణంగా డెబ్బై కిలోమీటర్ల దూరంలోని కల్పాక్కానికి దానితో సంబంధం ఉంది. ఈ నగరంలో నిద్రపోయే ప్రతి కుటుంబానికీ ఉంది.

ఇక్కడ మా మాట కొందరు పాఠకులకు నచ్చకపోవచ్చు. పహల్గాంలో 26 మందిని చంపిన ఉగ్రవాదానికి జవాబు చెప్పే హక్కు, బాధ్యత దేశానికి ఉన్నాయి. అందులో ఈ పత్రికకు ఏనాడూ సందేహం లేదు. కానీ 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకొని నిలిచిన 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని 2025 ఏప్రిల్ 23న మన ప్రభుత్వం పక్కన పెట్టింది. మరునాడే పాకిస్థాన్, సిమ్లా ఒప్పందం సహా ద్వైపాక్షిక ఒప్పందాలన్నిటినీ పక్కనపెట్టే హక్కు తనకుందని ప్రకటించింది. 2002 జూన్‌లో వాషింగ్టన్, మాస్కోల మధ్య కూడా అంతే, ఒక్క రోజు తేడా. ఈ వరసలో తర్వాతి వంతు ఏ కాగితానిదని మేము అడుగుతున్నాం. అణు కేంద్రాల జాబితాదా, క్షిపణి పరీక్షలకు ముందస్తు సమాచారమిచ్చే 2005 ఒప్పందానిదా? 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్థాన్‌లోని మియాన్ చన్నూ దగ్గర పడింది. ఎవరికీ ప్రాణహాని జరగలేదు, ముగ్గురు వాయుసేన అధికారులను తొలగించారు. అదే పొరపాటు గత మే రెండో వారంలో జరిగి ఉంటే దాన్ని పొరపాటని నమ్మేవారు ఎవరు? మే 10 మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు పాకిస్థాన్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ మన డైరెక్టర్ జనరల్‌కు ఫోన్ చేయగలిగారంటే, అంత పోరులోనూ ఆ ఫోన్ తీగను ఎవరూ తెంచలేదు కాబట్టే.

అణువ్యాప్తి నిరోధక ఒప్పందం సమీక్షా సదస్సు ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో జరగనుంది. ఆ ఒప్పందం ఆరో అధికరణం, ఆయుధపోటీని ఆపడానికి చిత్తశుద్ధితో సంప్రదింపులు జరపాలని అణ్వస్త్ర దేశాలతో సహా సభ్య దేశాలన్నిటినీ ఆదేశిస్తోంది. దానిపై సంతకం చేసిన అమెరికా, రష్యాలే తమ మధ్య చివరి పరిమితిని గాలికి వదిలాయి; అణుబాంబు తయారు చేయబోతోందంటూ గత జూన్‌లో ఇరాన్‌పై చేసిన బాంబుదాడులను సమర్థించుకోవడానికి అమెరికా ఏ ముఖం పెట్టుకుని ఆ సభలో కూర్చుంటుంది? ఇరాన్ చేతికి బాంబు రాకూడదన్నది మా అభిప్రాయం కూడా. కానీ ఆ మాట ఇరాన్‌కు చెప్పవలసినవారు తమ గోదాములకు తాళం తీసి పెట్టుకున్నారు. రేపు ఇరానో, మరొకరో, వారు తప్పారు కనుక మేమూ తప్పుతామంటే వీరి దగ్గర జవాబు లేదు.

మాస్కో, వాషింగ్టన్ మన మాట వినవని తెలుసు. ఢిల్లీ వినాలి. పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు నడుస్తున్నాయి. తూర్పు నౌకాదళ కేంద్రం తమ గడ్డ మీద ఉందని వేదికలెక్కి చెప్పుకునే ఆంధ్ర ఎంపీలు, కల్పాక్కం చుట్టుపక్కల గడపగడపా తిరిగి ఓట్లడిగిన తమిళనాడు ఎంపీలు, సంతోష్‌బాబు విగ్రహానికి దండలు వేసిన తెలంగాణ నాయకులు ఈ విషయంపై నోరు విప్పాలి. పొరుగు దేశాలతో మనకున్న ఒప్పందాల్లో ఏవి అమలులో ఉన్నాయో, వేటిని ఎట్టి పరిస్థితిలోనూ బేరానికి పెట్టబోమో ప్రభుత్వం చేత సభలో చెప్పించాలి. గత మే 7న చెన్నై ఓడరేవులోనూ, కల్పాక్కంలోనూ మాక్ డ్రిల్ పెట్టి, దాడి జరిగితే ఏం చేయాలో జనానికి చూపించారు. ఆ దాడి జరగకుండా అడ్డుపడే కాగితాలు ఎన్ని మిగిలాయో అదే జనానికి చెప్పడానికి వీరికి ఇంకా తీరిక దొరకలేదా?