గాలి కూడా అడుక్కోవాలా?

ఇప్పుడే పెట్రోల్ బంకు నుంచి వచ్చా. చేతులకు అంటిన నల్ల మసి కూడా కడుక్కోలేదు, ముందు ఇది రాస్తే గానీ కడుపుమంట చల్లారేలా లేదు.

పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, నల్లగొండలో మా ఇంటికి దగ్గర్లోని బంకుకు పోయాను. అంత పొద్దున ఎందుకంటే కారు టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి కాబట్టి. అక్కడ "గాలి ఉచితం" అని ఇంతింత అక్షరాలతో బోర్డు. బోర్డు కింద మనిషి లేడు. లోపల కూర్చున్నాయన్ని అడిగితే ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "కంప్రెషర్ ఖరాబైంది అన్నా" అన్నాడు. ఆ ఖరాబైన కంప్రెషరే వెనకాల దడదడ మోగుతోంది!

గట్టిగా అడిగితే ఒక పిల్లగాడు కళ్లు నలుపుకుంటూ వచ్చాడు. పైపుకున్న మీటరు చూస్తే అద్దం పగిలి ఉంది, గాలి పెట్టకముందే ముల్లు ఐదు మీద నిలబడి ఉంది. సున్నా అనేది ఒకటుందని దానికి ఎప్పుడో మరుపొచ్చింది. 33 కొట్టు తమ్మీ అంటే "చలికాలం కదన్నా, అందరికీ 40 కొడుతున్నం" అన్నాడు. అంటే బండికి ఎంత గాలి కొట్టాలో రాసి, డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్‌ను కంపెనీవాళ్లు దిష్టి తగలకుండా అంటించారన్నమాట! పైగా టైరు పక్కన రాసున్న నంబర్ చూపించి "ఇగో ఇంకా ఎక్కువే పడుతది" అని నాకే పాఠం. అది టైరు తట్టుకునే గరిష్ఠం రా నాయనా, మన బండికి కావాల్సింది కాదు. అంతా అయ్యాక చూస్తే వాల్వ్ మూతల్లో ఒకటి లేదు.

మన దగ్గర చలేంది, ఇదేమన్నా కాశ్మీరా అనే మేధావులు కామెంట్లలోకి వస్తారని తెలుసు. జనవరిలో మన దిక్కు తెల్లారగట్ల పదమూడు, పద్నాలుగు డిగ్రీలు, మధ్యాహ్నం ముప్పై. ఐదారు డిగ్రీలు తగ్గితే దాదాపు ఒక పీఎస్‌ఐ, అంటే ఆ 33లో ఒక పాయింటు, పోతుంది. అంటే మిట్టమధ్యాహ్నం ఊరంతా తిరిగి, టైర్లు కాలుతుండగా 33 కొట్టించుకుని మురిసిపోతే, తెల్లారేసరికి అది 30కి కూడా ఆగదు. పంచర్ లేదు, లీకు లేదు, ఉత్త చలికే. కాలితో టైరును ఒక తన్ను తన్ని "బానే ఉంది పోనీ" అనేవాళ్లకు ఇది ఏ జన్మలో తెలియాలి?

ఇంకో బాపతు ఉంది, నైట్రోజన్ బాపతు. విజయవాడ హైవే మీద ఒక షాపాయన టైరుకింత అని గుంజుతూ "ఇది చలికి తగ్గదు సార్" అన్నాడు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, చలికి అదీ గాలి లాగే తగ్గుతుంది. అది చెప్తే నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు.

అసలు పరాయివాళ్లను అని ఏం లాభం, ఇంట్లోనే ఉన్నాడు కదా మా బావ. అక్క మొగుడు, ఒక మాట అనలేం. పోయిన చలికాలంలో శ్రీశైలం పోతానని నా కారు అడిగాడు. "ఐదుగురు, సామాను, ఘాట్ రోడ్డు, ఫుల్ లోడుకు గాలి ఎక్కువ కావాలి బావా, స్టిక్కర్ మీద రాసుంటది, దేవరకొండ దాటకముందే కొట్టించు" అని తాళం ఇస్తూ చెప్పా. "నీదంతా చాదస్తం బామ్మర్దీ, మా నాయిన అంబాసిడర్‌ల తిరిగినప్పుడు ఎవడు చూసిండు గాలి" అన్నాడు. ఆ తర్వాత కూడా ఎన్నిసార్లు తీసుకుపోయాడో, ఒక్కసారన్నా గాలి చూసిన పాపాన పోలేదు. చివరికి ముందు టైర్లు రెండూ అంచుల్లో నున్నగా అరిగి, నడిమధ్యలో మాత్రం గాట్లు కొత్తవాటిలాగే మిగిలాయి. తక్కువ గాలితో తిరిగిన బండి అని పసిపిల్లాడు కూడా చెప్తాడు. ఆయన మాత్రం టైరు మీద చెయ్యి పెట్టి "చైనా మాల్ అంటగట్టినట్టున్నరు నీకు" అని తేల్చేశాడు. కొత్త టైర్ల డబ్బులు నావి, సలహా ఆయనది. డీజిల్ సంగతి అడగనేలేదు లెండి, బంధుత్వం కదా.

"టైరు పేలి కారు బోల్తా" అని పేపర్లో వస్తే ఈయనే అందరికంటే ముందు అయ్యో అంటాడు. టైరు ఊరికే పేలుతుందా? గాలి తక్కువై పక్కగోడలు మడతపడి మడతపడి వేడెక్కితే పేలకేం చేస్తుంది? అందులో గాలి ఎంత ఉండెనో ఒక్కడూ అడగడు.

ఇప్పుడు చెర్వుగట్టు జాతరకు కారు కావాలట. తను అడిగితే ఇవ్వనని తెలుసు, అందుకే నిన్న రాత్రి అక్కతో ఫోన్ చేయించాడు. తాళం ఎక్కడ పెట్టానో గుర్తులేదు అక్కా అని చెప్పా. ఆర్టీసీ బస్సులు బోలెడు ఉన్నాయి, వాటి గాలి డిపోవాళ్లు చూసుకుంటారు.