పేరు లేని సంపాదకీయం గారికి

మహారాజశ్రీ సంపాదకీయం గారికి,

మొన్న శనివారం విజయవాడలో మీరు కాపురముండే ఆఫీసుకు వచ్చాను. మీకు నోరుంది గానీ పేరు లేదు కదా, ఎవరి కోసం వచ్చానో గేటు దగ్గర చెప్పడానికే పది నిమిషాలు పట్టింది.

మా పెదనాన్న పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఆయన రాసిన సంపాదకీయాలు ఓ పాతిక ఏరి చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. లైబ్రరీలో కుర్రాడు మర్యాదగానే మంచినీళ్లిచ్చి, "ఇవి ఆయనే రాశారని ప్రూఫ్ ఏముంది సార్?" అన్నాడు. 31 ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషికి ప్రూఫ్ లేదు!

తప్పు కుర్రాడిది కాదు, తమరిది. 1867 నాటి ప్రెస్ చట్టానికి జడిసి ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ముద్రించినవాడి పేరు వేశారు, ప్రచురించినవాడి పేరు వేశారు, ఎడిటర్ పేరూ వేశారు. అర్ధరాత్రి దాకా కూర్చుని రాసినవాడు మాత్రం ఎవరికీ ఏమీ కాడు. వారఫలాలు చెప్పే ఆయనకు పేరుతో పాటు ఫొటో కూడానా?

అది పత్రిక గొంతు, వ్యక్తి గొంతు కాదంటారు. ఆ గొంతుకు జలుబు చేస్తే ఆవిరి పట్టింది మా పెద్దమ్మ. 1984 ఆగస్టులో గవర్నరు ఎన్టీఆర్‌ను దించేసిన రాత్రి మీ పత్రిక ఇంటికి రాలేదు, మా పెదనాన్న వచ్చాడు, తెల్లవారుజామున. మూడుసార్లు చించి నాలుగోసారి రాశాడట. చొక్కా జేబు కింద అరచేయంత నీలిసిరా మరక. నిమ్మచెక్క పెట్టి రుద్దినా పోలేదు. ఆ చొక్కా ఇంకా ఉంది. అందులోనూ పేరు లేదనుకోండి.

ఎమర్జెన్సీలో సెన్సారు పుణ్యమా అని నెలల తరబడి మామిడిపూత మీదా, మొక్కలు నాటడం మీదా రాశానని నవ్వేవాడు. అసలు నాకు కావలసింది ఆ తర్వాతది. 1977 మార్చిలో ఉత్తరాదంతా ఇందిరమ్మను ఓడిస్తే, మనవాళ్లు 42కి 41 సీట్లు కాంగ్రెసుకే ఇచ్చారు. నంద్యాలలో జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు. ఆ ఫలితం మీద పెదనాన్న ఏమని రాశాడు? తిట్టాడా, నవ్వాడా?

ఆనాటి పత్రికలు కుట్టిన బైండు తెరిస్తే కాగితం అప్పడంలా విరుగుతోంది. ఏది ఆయనదో గుర్తుపట్టడానికి నాకున్న ఆనవాలు ఒక్కటే. "చెప్పడం జరిగింది" అన్న మాట చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. హాస్టల్ నుంచి నేను రాసిన ఉత్తరంలో "డబ్బు అందడం జరిగింది" అని ఉంటే ఎర్రసిరాతో కొట్టేసి, "అందింది" అని దిద్ది, ఆ ఉత్తరమే తిప్పి పంపాడు. డబ్బు మాత్రం పంపలేదు. నిన్నటి మీ అవతారంలో ఆ మాట నాలుగుసార్లు ఉంది. సిగ్గనిపించలేదూ?

ఒక్కసారి, ఆయన రిటైరైన రోజునైనా, కింద ఓ మూల పేరు వేస్తే మీ సొమ్మేం పోయింది? ఇప్పుడు మెట్లు దిగి శ్రద్ధాంజలి కౌంటర్‌కు వెళ్తే వేస్తారట, చదరపు సెంటీమీటరుకు ఇంతని.

కట్టాను. అచ్చుకు ముందు ప్రూఫ్ చూపించమన్నాను.

సోమవారం మళ్లీ వస్తాను. మార్చి బైండు పై అరలోకి ఎక్కించకండి, నాకు మోకాళ్ల నొప్పులు.

ఇట్లు,
ఎర్రసిరా ఆయన తమ్ముడి కొడుకు